బుచ్చిరెడ్డిపాలేనికి దెయ్యం పట్టించడం: తెలుగు గ్లిచ్ అక్షరాల ప్రాజెక్టు డైరీ

శనివారం రాత్రి

పని ఇదీ. తెలుగులో ఏ మాట టైప్ చేసినా దాన్ని దెయ్యం పట్టినట్టు చెదరగొట్టి ఇచ్చే చిన్న వెబ్ పేజీ తయారు చేయాలి. కావలిలో ఇంటర్ చదువుతున్న మా పిన్ని కూతురూ దాని స్నేహితురాళ్లూ కలిసి వాట్సాప్ స్టేటస్‌లో దెయ్యం కథలు రాస్తున్నారు. కథ అంతా తెలుగులోనే ఉంటుంది, పేరు దగ్గరికొచ్చేసరికి ఇంగ్లీషు. అక్షరాలు చెదరగొట్టే సైట్లన్నీ ఇంగ్లీషుకే సరిపోతున్నాయట. "తెలుగు పెడితే ఒత్తులన్నీ ఊడిపోతుండాయన్నా, నువ్వేమన్నా చెయ్యగలవా?" అని అడిగింది. నేను నెల్లూరులో ట్రంకు రోడ్డు పక్క సందులో డీటీపీ చేస్తాను. పెళ్లి పత్రికలు, ఫ్లెక్సీలు, కరపత్రాలు. తెలుగు అక్షరం ఎక్కడ విరుగుతుందో, ఎందుకు విరుగుతుందో చూడటం నాకు రోజువారీ పని. చేస్తానన్నాను.

ఇంగ్లీషులో ఈ సరదాకి జాల్గో అని పేరు. జాల్గో అనే కల్పిత పిశాచం వస్తోందంటూ కామిక్ బొమ్మల్ని మార్చి భయపెట్టే ఆటగా 2004లో ఇంటర్నెట్‌లో మొదలైంది. అక్షరాల మీదా కిందా గీతలు, కొక్కేలు, చుక్కలు పుట్టలు పుట్టలుగా పెరిగి పై వరుసలోకీ కింది వరుసలోకీ పాకుతాయి. ఇందులో ఫాంటు మాయ ఏమీ లేదు. అన్ని లిపుల్లోని ప్రతి అక్షరానికీ, గుర్తుకీ ఒక కోడ్ ఇచ్చే ప్రమాణం యూనికోడ్. ఆ కోడ్‌లని పదహారు అంకెల లెక్కలో రాస్తారు, తొమ్మిది తర్వాత ఎ నుంచి ఎఫ్ దాకా అక్షరాలు కూడా అంకెలే. యూనికోడ్‌లో 0300 నుంచి 036ఎఫ్ దాకా 112 స్థానాలు ఇలాంటి గుర్తులకే కేటాయించారు. ఇవి ఒంటరిగా నిలబడవు. తమ ముందున్న అక్షరాన్ని పట్టుకుని దాని నెత్తినో, కిందో, నడుముకో కూర్చుంటాయి. ఐరోపా భాషల కోసం, వియత్నామీ కోసం, ఉచ్చారణ రాసుకునే భాషా పరిశోధకుల కోసం పెట్టినవి ఇవి. ఒక అక్షరానికి ఇన్నే తగిలించాలని యూనికోడ్ హద్దు గీయలేదు. జాల్గో బతుకుతున్నది ఆ వెసులుబాటు మీదే.

మొదటి ముక్క జావాస్క్రిప్ట్‌లో ఈ రాత్రే రాసేశాను. మాటలో ప్రతి కోడ్ తర్వాతా ఆ గుంపులోంచి కొన్ని గుర్తుల్ని లాటరీ తీసి చేర్చడం. ఇంగ్లీషు పేజీలు చేసేది ఇంతే. ముందు దీన్నే తెలుగు మీద వదిలి ఏం జరుగుతుందో చూడాలి. పరీక్షకి మన ఊళ్ల పేర్లే పెట్టుకున్నాను: నెల్లూరు, కావలి, కందుకూరు, మైపాడు, ఆత్మకూరు, ఒంగోలు, కృష్ణపట్నం, బుచ్చిరెడ్డిపాలెం. ఒత్తులు, సున్న, ఐత్వం, వట్రసుడి అన్నీ వీటిలో ఉన్నాయి.

ఆదివారం

బుచ్చిరెడ్డిపాలెం ఒక్కటి చాలు, సంగతంతా చెప్పేస్తుంది.

కంటికి అందులో ఉన్నవి ఆరు అక్షరాలు: బు, చ్చి, రె, డ్డి, పా, లెం. కంప్యూటర్ లోపల 17 కోడ్‌లు. "చ్చి" ఒక్కటే నాలుగు: చ, పొల్లు, చ, గుడి. రెండో చ కింద ఒత్తుగా మారడానికి కారణం దానికి ముందు పొల్లు ఉండటమే. చకారపు ఒత్తుకి యూనికోడ్‌లో వేరే చోటేమీ లేదు. హల్లు, పొల్లు, హల్లు ఒకదాని వెంట ఒకటి వస్తే ఫాంటే ఒత్తు గీస్తుంది. ఆ పొల్లుకీ రెండో హల్లుకీ మధ్యలో ఏ గుర్తు పెట్టినా కాడికి కట్టిన గిత్తల మధ్యలోకి మనిషి దూరినట్టే. జంట విడిపోతుంది. నిన్న రాసిన ముక్క సరిగ్గా ఆ పనే చేసింది. గుర్తులు తీసేసి చూస్తే కింద మిగిలిన ఆకారం ఇదీ:

బుచ్‌చిరెడ్‌డిపాలెం

ఇది దెయ్యం పట్టిన బుచ్చి కాదు, తప్పు టైప్ చేసిన బుచ్చి. చదివేవాడికి భయం వేయదు, చిరాకు వేస్తుంది. చెదరడం వేరు, విరగడం వేరు. చెదిరిన అక్షరం లోపల అసలు అక్షరం నిండుగా ఉండాలి, కన్ను దాన్ని వెతికి పట్టుకోవాలి. ఈ ఆటలో ఉన్న సరదా అంతా ఆ వెతుకులాటే. కాబట్టి పేజీకి మొదటి నియమం రాసుకున్నాను: గుర్తులు చేర్చేది కోడ్ తర్వాత కాదు, పూర్తి అక్షరం తర్వాత.

మంగళవారం, షాపు మూసేశాక

పూర్తి అక్షరం అంటే ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో కంప్యూటర్‌కి చెప్పాలి. బ్రౌజర్లలో దీనికి తయారుగా ఒక సాధనం ఉంది, ఇంటల్ సెగ్మెంటర్. మాట ఇస్తే మనిషి కంటికి ఒకటిగా కనిపించే ముక్కలుగా కోసి ఇస్తుంది. అయితే ఆ కోతకి ఆధారం యూనికోడ్ నియమాలు. చాలా ఏళ్లు ఆ నియమాల్లో పొల్లు దగ్గరే ముక్క తెగేది, అంటే "చ్చి" రెండు ముక్కలు. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1లో దీన్ని సరిచేశారు. తెలుగు, దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళం లిపుల్లో ఒత్తుతో సహా అక్షరాన్ని ఒకే ముక్కగా చూడాలని కొత్త నియమం చేర్చారు. కొత్త బ్రౌజర్‌లో ఆరు ముక్కలు వస్తే పాత ఫోన్లో ఎనిమిది వస్తాయి.

మా చెల్లెలి స్నేహితుల్లో పాత ఫోన్లు వాడేవాళ్లే ఎక్కువ. అందుకని సాధనాన్ని నమ్ముకోకుండా నా నియమం నేనే రాశాను. తెలుగు అక్షరానికి ఇదేమంత కష్టం కాదు, చిన్నప్పుడు పలక మీద దిద్దిన వరసే: ఒక హల్లు, దాని వెనక పొల్లూ హల్లూ జంటలు ఎన్నైనా, ఆపైన గుణింతం ఉంటే గుణింతం, చివర సున్నో విసర్గో. లేదా ఒక అచ్చు, దాని వెనక సున్న. హల్లులు 0సి15 నుంచి 0సి39 దాకా, వాటితో పాటు 0సి58 నుంచి మూడు. పొల్లు 0సి4డి. తెలుగుకి యూనికోడ్ ఇచ్చిన చోటు మొత్తం 128 గడులు, 0సి00 నుంచి 0సి7ఎఫ్ దాకా. అక్షరాల వరసని గుర్తుపట్టే ఒక చిన్న రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో అంతా ఇమిడిపోయింది.

ఇప్పుడు బుచ్చి, ఆత్మకూరు, కృష్ణపట్నం మూడూ ఒత్తులతో సహా నిలబడి మరీ వణుకుతున్నాయి. చూడటానికి చాలా సంతోషంగా ఉంది.

ఇంకో గమనిక. ఇంగ్లీషు అక్షరం మీదా కిందా ఖాళీ ఉంటుంది. మనకి ఆ ఖాళీలో ముందే కాపురాలున్నాయి. నెత్తిన తలకట్టు, గుడి, ఎత్వం. కింద ఒత్తులు. "డ్డి"కి కింద గీతలు వేస్తే ఒత్తు కనపడకుండా పోతుంది. అందుకని ఒత్తున్న అక్షరానికి కింది గుర్తులు ఆపేశాను, గుడి ఉన్నదానికి పై గుర్తులు తగ్గించాను. "ప", "ల" లాంటివాటికి మాత్రం పట్టపగ్గాలు లేవు.

గురువారం

మైపాడు తేడాగా వస్తోంది. ఇది అర్థమయ్యేసరికి రాత్రి పొద్దుపోయింది. రాసి పెట్టుకోవడం మంచిది.

ఐత్వాన్ని యూనికోడ్ రెండు రకాలుగా రాయనిస్తుంది. ఒకే కోడ్‌గా 0సి48. లేదా ఎత్వం 0సి46, దాని వెనక కింది తోక 0సి56. రెండూ ఒకటే అని ప్రమాణం చెబుతుంది. కొన్ని ప్రోగ్రాములు పాఠాన్ని తీసుకోగానే ఒక పద్ధతికి మార్చేస్తాయి, దాన్ని నార్మలైజేషన్ అంటారు. ఆ మార్పిడిలో గుర్తుల వరస కూడా సర్దుతారు. ప్రతి గుర్తుకీ ఒక తరగతి అంకె ఉంటుంది. నడుముకి అడ్డంగా పోయే గీతకి 1, పొల్లుకి 9, ఐత్వపు తోకకి 91, కింద కూర్చునే గుర్తులకి చాలావరకు 220, నెత్తిన కూర్చునేవాటికి 230. చిన్న అంకె ముందుకొస్తుంది. గుడి, కొమ్ము లాంటి గుణింతాలకి అంకె సున్నా, వాటిని దాటి ఏదీ అటూ ఇటూ కదలదు.

దీన్నిబట్టి ఏం తేలింది? మనం గుర్తుని ఎక్కడ పెట్టామన్నది చివరిదాకా నిలుస్తుందని లేదు. హల్లుకీ పొల్లుకీ మధ్య ఒక పై గుర్తు పెట్టామనుకోండి. అవతలి ప్రోగ్రాము సర్దేసరికి పొల్లు ముందుకొచ్చి గుర్తు వెనక్కి పోయి, సరిగ్గా పొల్లుకీ రెండో హల్లుకీ మధ్యన ఇరుక్కుంటుంది. ఒత్తు విరుగుతుంది. అక్షరం మొత్తం అయిపోయాకే గుర్తులు పెడితే ఈ బాధ ఉండదు. మైపాడుకి కూడా మందు అదే, కాకపోతే విడిగా ఉన్న తోకని ముందే ఎత్వంతో కలిపేయాలి. మొదట్లోనే పాఠాన్ని కలిపిన రూపానికి మార్చే ఒక్క లైను చేర్చాను. మైపాడు కుదురుకుంది.

ఫాంట్ల సంగతి కూడా ఇక్కడే. మండలి, రామభద్ర, సూరన్న లాంటి తెలుగు ఫాంట్లు తెలుగు అక్షరాల కోసం గీసినవి. ఐరోపా గుర్తు ఫలానా చోట కూర్చోవాలని తెలుగు అక్షరానికి ఆనవాలు పెట్టి ఉండకపోతే ఆ గుర్తు నెత్తిన నిలవక కుడిపక్కకి జారుతుంది, లేదా వేరే ఫాంటులోంచి వస్తుంది. నా ఫోన్లో ఒకలా, షాపు కంప్యూటర్లో ఇంకోలా కనపడటం అందుకే. దీన్ని లోపం అనుకోనక్కర్లేదు. పక్కకి జారిన గుర్తులు ఇంకా భయంగా ఉన్నాయి.

శుక్రవారం పొద్దున

చెదరగొట్టడం సగం పనే. తిరిగి శుభ్రం చేసే బటన్ కూడా కావాలి. ఎవరైనా ఇలాంటి మెసేజ్ పంపితే అసలు ఏం రాశారో తెలుసుకోవాలి కదా.

ఇంగ్లీషు వాళ్ల సూత్రం ఒక్క ముక్కలో అయిపోతుంది: గుర్తుల జాతికి చెందిన కోడ్‌లన్నీ తీసేయ్. దీన్ని తెలుగు మీద పెడితే ఏమవుతుందో చూపించి తీరాలి, ఎందుకంటే ఇదే సూత్రాన్ని చాలామంది వెతుకులాట ప్రోగ్రాముల్లో, పేర్లు సరిచూసే ప్రోగ్రాముల్లో కళ్లు మూసుకుని వాడేస్తుంటారు. నెల్లూరు ఇస్తే వచ్చింది:

నలలర

కావలి "కవల" అయింది. ఒంగోలు "ఒగల". బుచ్చిరెడ్డిపాలెం "బచచరడడపల". యూనికోడ్ లెక్కలో మన గుణింతాలు, పొల్లు, సున్న అన్నీ గుర్తుల జాతే మరి.

ఇంకొందరు కాస్త జాగ్రత్తగా, చోటు ఆక్రమించని గుర్తుల్ని మాత్రమే తీస్తారు. అది ఇంకా విచిత్రం. తెలుగులో దీర్ఘం, గుడి, ఎత్వం, ఓత్వం, పొల్లు ఆ తరగతిలో ఉన్నాయి. కొమ్ము, కొమ్ముదీర్ఘం, సున్న, విసర్గ మాత్రం చోటు ఆక్రమించే తరగతిలో ఉన్నాయి. దాంతో నెల్లూరు "నలలూరు" అవుతుంది, ఒంగోలు "ఒంగలు" అవుతుంది, కందుకూరు మాత్రం చెక్కు చెదరకుండా కందుకూరుగానే బయటికొస్తుంది. దాంట్లో ఉన్నవన్నీ సున్న, కొమ్ములే కాబట్టి. ఎవరైనా తమ ప్రోగ్రాముని కందుకూరుతో ఒక్కసారి పరీక్షించి తెలుగుకి బాగానే ఉందనుకునే ప్రమాదం ఉంది. పరీక్షకి నెల్లూరు పెట్టండి, బుచ్చి పెట్టండి.

ఇంగ్లీషులో గుర్తు పైన పెట్టే అలంకారం. తెలుగులో గుర్తే అక్షరం. నా పేజీలో ఈ తేడాని గౌరవించడం కంటే ముఖ్యమైన పని ఏదీ లేదు.

మూడో దారి ఒకటుంది, ఏ లిపికీ చెందని, ముందున్న అక్షరపు లిపినే తీసుకునే కోడ్‌లన్నీ తీసేయడం. తెలుగు గుర్తులకి తెలుగు లిపి అని ముద్ర ఉంది కాబట్టి అవి మిగులుతాయి. బాగానే ఉంది కానీ, ఒత్తు పడకుండా ఆపే కనపడని కోడ్ 200సి కూడా ఆ లిపి లేని జాతిదే. అది పోతే "సాఫ్ట్‌వేర్" కాస్తా "సాఫ్ట్వేర్" అయిపోతుంది. పత్రికలు కంపోజ్ చేసేవాణ్ణి, దాన్ని పోనివ్వను. చివరికి తీసేయాల్సిన వరసల్నే చేత్తో రాశాను: 0300 నుంచి 036ఎఫ్, 1ఎబి0 నుంచి 1ఎఎఫ్ఎఫ్, 1డిసి0 నుంచి 1డిఎఫ్ఎఫ్, 20డి0 నుంచి 20ఎఫ్ఎఫ్, ఎఫ్ఈ20 నుంచి ఎఫ్ఈ2ఎఫ్. ఇప్పుడు ఎంత చెదిరిన నెల్లూరు ఇచ్చినా నెల్లూరే తిరిగొస్తోంది.

శనివారం

ఈ రోజు హద్దుల పని.

2018 ఫిబ్రవరి చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఒక తెలుగు అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలిపోయాయి. ఆ అక్షరం "జ్ఞా". మామూలుగా రాసే జ్ఞా కాదు. జ, పొల్లు, ఞ అయ్యాక దీర్ఘానికి ముందు ఆ కనపడని 200సి కోడ్ దూరిన జ్ఞా. దాన్ని గీయబోయి ఫోన్ చతికిలబడేది. అదే నెలలో ఐఓఎస్ 11.2.6తో సరిచేశారు. ఆ రోజుల్లో తెలుగు అక్షరాన్ని బాంబు అని ఎగతాళి చేశారు. తప్పు అక్షరానిది కాదు, గీసే ప్రోగ్రాముది. అయినా ఆ మాట మన అక్షరం మీద పడింది, నాకు ఇప్పటికీ బాధే.

అందుకే నా పేజీ అక్షరం లోపల ఎక్కడా 200సి గానీ, దాని జోడీగా అక్షరాల్ని కలిపే కనపడని కోడ్ 200డి గానీ చేర్చదు. పాఠం దిశని తిప్పేసే 202ఈ కోడ్ కూడా పెట్టలేదు. దాన్ని ఫైళ్ల పేర్లు మార్చి మోసం చేయడానికి వాడతారు, సరదా పేజీలో దానికి పనిలేదు.

గుర్తుల సంఖ్యకీ పైకప్పు వేశాను. యూనికోడ్ వాళ్లే ఒక సురక్షిత పద్ధతి చెప్పారు: వరసగా 30కి మించి గుర్తులు రాకూడదు, వస్తే మధ్యలో 034ఎఫ్ అనే కనపడని కోడ్ పెట్టి తెంచాలి. మామూలు భాషలకి 30 అంటే చాలా ఎక్కువ. నేను స్లైడర్ చివర 12 దగ్గర ఆపాను. అంతకు మించితే వాట్సాప్ గ్రూపులో మన మెసేజ్ పైనున్న వేరేవాళ్ల మాటల మీదకి పాకుతుంది. మన ఆట మన గీతలోనే ఉండాలి.

ఆదివారం, కావలిలో

చెల్లెలి ఫోన్లో పేజీ తెరిచి చూపించాను. ముందు ఒంగోలు, తర్వాత దాని పేరు. "ఒత్తులు ఎక్కడివక్కడే ఉండాయి గదన్నా!" అని ఫోన్ లాక్కుని స్నేహితురాళ్లకి పంపడం మొదలెట్టింది. తర్వాత అడిగింది: "ఈ గీతలన్నీ ఇంగ్లీషువే గదా. మన అక్షరాలతోనే చెదరగొట్టలేమా?"

మంచి ప్రశ్న. మధ్యాహ్నమంతా దాని మీదే కూర్చున్నాం. మన 128 గడుల్లో ఎవరూ తొక్కని మూలలున్నాయి. 2008లో యూనికోడ్ 5.1తో చేరిన పాత భిన్నాల గుర్తులు: 0సి78 నుంచి ఏడు. మనవాళ్లు భిన్నాలు నాలుగో వంతుల్లో లెక్కపెట్టేవారు. నాలుగో వంతులకి నిలువు గీతలు, పదహారో వంతులకి అడ్డ గీతలు. ఆ పక్కనే 0సి7ఎఫ్‌లో ధాన్యం కొలిచే తూముకి గుర్తు. ఇవి ఒంటరిగా నిలబడే అక్షరాలే కాబట్టి అక్షరాల మధ్య నిశ్చింతగా చల్లొచ్చు:

నె౹ల్లూ౺రు౻

కా౼వ౽లి౾

వీటిని చూడగానే చెల్లెలు "శాసనం మీద ఎవరో గోళ్లతో గీకినట్టుండాది" అంది. దీనికి పాతలెక్క అని పేరు పెట్టి విడి బటన్ ఇచ్చాను. నాకైతే జాల్గో గీతల కన్నా ఇదే ముద్దొస్తోంది. అరసున్నని కూడా చేర్చాం: కాఁవఁలిఁ. కొన్ని పాత ఫోన్లలో భిన్నాలకి బదులు ఖాళీ డబ్బాలు వస్తాయి, ఆ మాట బటన్ కిందే రాశాను.

ఇంకో ఆట కన్నడ పొర. యూనికోడ్‌లో తెలుగు గడులు అయిపోగానే కన్నడ మొదలవుతుంది, అదే వరసలో. చాలా అక్షరాలకి కోడ్‌కి 128 కలిపితే చాలు, దాని కన్నడ జోడీ దొరుకుతుంది. రెండూ ఒక తల్లి పిల్లలే కాబట్టి మాట అదే, పోలిక మాత్రం కొద్దిగా తప్పుతుంది. మార్చేటప్పుడు అక్షరం మొత్తాన్ని మార్చాలి. తెలుగు హల్లుకి కన్నడ గుడి తగిలిస్తే లిపి మారిన చోట మాట తెగి, ఆ గుడి ఆసరా లేక చుక్కల వలయం మీద నిలబడుతుంది. ఇందులో ఒక ఇబ్బంది కూడా ఉంది: ఒకేలా కనపడే అక్షరాలతో దొంగ పేర్లు పుట్టించవచ్చు. వెబ్‌సైట్ల డొమైన్ పేర్ల నియమాల్లో ఇలాంటి తెలుగు కన్నడ జంటల్ని మారురూపాలుగా లెక్కగట్టేది ఇందుకే. అందుకని ఈ పొరలో మొత్తం మాట ఎప్పటికీ మారదు, ఒకటో రెండో అక్షరాలు మాత్రమే మారతాయి.

సాయంత్రం తాతయ్య వచ్చి పక్కన కూర్చున్నారు. నమకం పుస్తకంలో అక్షరాల పైన నిలువు గీత, కింద అడ్డ గీత ఉంటాయే, అవి యూనికోడ్‌లో 0951, 0952. పై గీత తరగతి 230, కింది గీత 220, అచ్చం నాకు కావలసినవే. ఐరోపా గుర్తుల కన్నా తెలుగు అక్షరం మీద బాగా కుదురుతున్నాయి కూడా. చూపిస్తే తాతయ్య ఫోన్ దగ్గరికి పెట్టుకుని, "దీనికి స్వరం ఉండాది నాయనా. చూసినవాడు చదువుతాడు, ఎట్టబడితే అట్ట పెట్టొద్దు" అన్నారు. నిజమే. ఆ గీత చూసి గొంతు పెంచేవాళ్లు, తగ్గించేవాళ్లు ఉన్నారు. వాళ్లకి అది చెదురు కాదు, పాఠం. జాబితాలోంచి రెండూ తీసేశాను.

బుధవారం

తెర మీదున్నది పైకి చదివే టాక్‌బ్యాక్ ఆన్ చేసి చెదిరిన మాటల్ని నా ఫోన్ చేత చదివించాను. కొన్ని మాటల్ని ముక్కలు చేసి చదివింది, కొన్నింటిని వదిలేసి పోయింది. చూపు లేనివాళ్లకి ఇలాంటి స్టేటస్‌తో అసలు అర్థం అందదు. అందుకని కాపీ బటన్ నొక్కినప్పుడు చెదిరిన పేరు కింద మామూలు తెలుగులో అదే పేరు కూడా వచ్చేలా చేశాను. వద్దనుకుంటే తీసేయొచ్చు, కానీ మొదట్లో అది ఉంటుంది. చెల్లెలి బృందానికి కూడా ఒక మాట చెప్పాను: కథ పేరుకి వాడండి, కథకి వద్దు. కాంటాక్టు పేర్లకి, అప్లికేషన్లకి అసలే వద్దు, వెతికితే దొరకవు.

పేజీ ఇప్పుడు వాడుకకి సిద్ధం. మూడు బటన్లు: గీతలు, పాతలెక్క, కన్నడ పొర. పక్కన శుభ్రం చేసేది. మిగిలిన పని ఒకటుంది. షాపులో సగం పాఠాలు అను ఫాంట్లలో ఉంటాయి. అవి యూనికోడ్ కావు, ఇంగ్లీషు అక్షరాల గడుల్లో తెలుగు ముక్కలు పెట్టిన ఫాంట్లు. ఆ పాఠాన్ని పేజీలో అతికిస్తే వచ్చేవి తెలుగు కాని పిచ్చి గుర్తులే. దాన్ని గుర్తుపట్టి, ముందు యూనికోడ్‌కి మార్చుకోమని చెప్పే హెచ్చరిక చేర్చాలి. ఒత్తుల ముక్కలు ఆ ఫాంట్లలో ఏ వరసలో వస్తాయో పట్టిక రాయడం మొదలుపెట్టాను. క నుంచి న దాకా అయింది, ప వర్గం రేపు.